మిగిలినవాటితో ఒక పటం

ఆశ మీద బొమ్మ వెయ్యమంటే చాలామంది చెయ్యి నేరుగా సూర్యుడి మీదికే పోతుంది. రెండు కొండలు, నడుమ ఎర్రటి సగం సూర్యుడు, కింద ఆకుపచ్చ మొలక. వేస్తున్నంతసేపు బాగానే ఉంటుంది. గోడకు తగిలిస్తాం. అప్పు తీరని ఇంట్లో, ఆస్పత్రిలో ఉన్న మనిషి కోసం ఎదురుచూస్తున్న ఇంట్లో, ఆ సూర్యుడు నాలుగు రోజులకే కంటికి ఆనడం మానేస్తాడు. బొమ్మ బాగాలేక కాదు, అందులో ఆ ఇంటి సంగతి ఒక్కటీ లేదు గనక.

ఈ అధ్యాయంలో మనం చేయబోయేది వేరే రకం పటం. కాగితం, గుడ్డ, దారం, మట్టి, రంగు, చేతిరాత అన్నీ ఒకే అట్ట మీద కలిసి ఉంటాయి. చిత్రకారులు దీన్ని మిక్స్‌డ్ మీడియా అంటారు. మనం అతుకుల పటం అనుకుందాం. బొమ్మలు గీయడం రానక్కర్లేదు. ఒక్క నియమం మాత్రం తప్పదు: మీ కష్టకాలం నుంచి మిగిలిన వస్తువు ఏదో ఒకటి ఆ పటంలో ఉండాలి, అదీ పైకి కనబడుతూ ఉండాలి. నష్టాన్ని పూర్తిగా కప్పేస్తే అది అలంకారం. నష్టాన్ని మాత్రమే చూపిస్తే అది ఫిర్యాదు. నష్టం కనబడుతూ ఉండగానే దాని మీద తర్వాతి పొర పడాలి. ఈ అధ్యాయమంతా ఆ తర్వాతి పొర గురించే.

అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వవేత్త సి.ఆర్. స్నైడర్ ఏళ్ల తరబడి ఆశ మీదే పరిశోధన చేశాడు. ఆయన చెప్పినదాని ప్రకారం ఆశకు మూడు భాగాలుంటాయి: చేరవలసిన చోటు ఒకటి, అక్కడికి పోయే దారులు, ఆ దారిన నడవగలనన్న నమ్మకం. "అంతా మంచే జరుగుతుందిలే" అన్న ఊరడింపుకు ఈ మూడింటిలో చోటు లేదు. మన పటంలో కూడా ఈ మూడూ ఉండేట్టు చూసుకుందాం. ఎలాగో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ విద్య తెలిసినవాళ్లు తరతరాలుగా ఉన్నారు.

శ్రీకాళహస్తి గుడ్డ మీద ఎరుపు

శ్రీకాళహస్తి కలంకారీ 1950ల నాటికి దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. కొనేవాళ్లు తగ్గారు, పని తెలిసిన చేతులు కొన్నే మిగిలాయి. కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకోవడంతో ఆ దశాబ్దం చివర్లో అఖిల భారత హస్తకళల మండలి తరఫున ఊళ్లో శిక్షణ కేంద్రం మొదలైంది. మిగిలిన కొద్దిమంది దగ్గరున్న విద్య కొత్త చేతుల్లోకి పోయింది. 2005లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టికి పద్మశ్రీ వచ్చింది. ఈ చరిత్ర మనకు ధైర్యం ఇస్తుంది, సరే. పటం చేయడానికి దానికంటే ఎక్కువ అక్కరకొచ్చేది ఆ పని జరిగే వరస.

ముందు ముతక నూలుగుడ్డను ఉతికి గంజి పోగొడతారు. గేదెపాలలో కరక్కాయ పొడి కలిపి అందులో నానబెట్టి, పిండి ఎండేస్తారు. కరక్కాయలో ఉన్న వగరు రంగును పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో తేలికగా గుర్తులు గీసుకుంటారు. ఆ తర్వాత వెదురు కలం. దాని మొన పైన చుట్టిన గుడ్డ రంగును పీల్చుకుని ఉంటుంది. కళాకారుడు వేళ్లతో దాన్ని నొక్కేకొద్దీ రంగు మొనకు దిగుతుంది. నల్లగీతకు వాడేది తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన కసిం. గిన్నెలో చూస్తే అది మురికి నీళ్లలా ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లబడుతుంది.

ఎరుపు సంగతి ఇంకా విచిత్రం. ఎక్కడ ఎరుపు రావాలో అక్కడ కళాకారుడు ఎర్రరంగు పూయడు. పటిక నీళ్లు పూస్తాడు. ఆరాక ఆ చోట చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడదు. ఒకటి రెండు రోజులు అలాగే వదిలేసి, పారే నీళ్లలో జాడించి, మంజిష్ఠ లాంటి వేళ్లూ చెక్కలూ వేసిన కాగులో ఉడికిస్తారు. కాగులోంచి తీసేసరికి పటిక తగిలిన చోటల్లా ఎరుపు గట్టిగా పట్టి ఉంటుంది. మిగతా చోట అంటిన లేత రంగును పేడనీళ్లతోనూ ఎండతోనూ పోగొడతారు. ఆ తర్వాతే పసుపు, నీలం.

ఈ వరసలో మనం పట్టుకోవలసినవి రెండు. మొదటిది, రంగు కంటే ముందు నేల. గుడ్డ సిద్ధం కాకుండా ఏ రంగూ నిలవదు. రెండోది, చేసిన పని అంతా చేసిన రోజే కనబడదు. కష్టకాలంలో మనిషి పొద్దున లేచి బిడ్డకు సద్ది కట్టడం, వైద్యుడి దగ్గరికి పోవడం, బాకీవాడికి ఫోన్ చేసి మాట్లాడటం ఇలాంటివే. ఆ రోజుకు వాటి వల్ల ఏమీ మారినట్టుండదు. అందుకే మన పటంలో ఒక పొరను కావాలనే కనబడకుండా పెడతాం.

గంగమ్మ జాతర మట్టి

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వారం రోజులు జరుగుతుంది. మశూచి లాంటి రోగాలు ఊళ్లను తుడిచిపెట్టిన కాలంలో జనం మొక్కుకున్న తల్లి ఈ గంగమ్మ. జాతరలో వేషాలు కట్టే భక్తులు ఒంటికి వాడే సరుకు చూడండి: నామం మట్టి, కుంకుమ, బొగ్గుపొడి, గంధం, వేపమండలు, నిమ్మకాయలు. రోజుకొక వేషం, వేషానికొక పూత. బజారులో అణాకాణీకి దొరికే సరుకుతో ఊరంతా పటమైపోతుంది. అమెరికా పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతర మీద 2013లో ఒక పుస్తకమే ప్రచురించింది.

ఆఖరి రాత్రి గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు. తెల్లవారుజామున పేరంటాలు వేషంలో వచ్చిన వ్యక్తి ఆ రూపం చెంప నుంచి మట్టి తీస్తాడు. దాన్నే చెంప నరకడం అంటారు. ఆ తర్వాత ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. చిటికెడు దొరికినా ఇంటికి తెచ్చి దాచుకుంటారు. ఒంట్లో బాగాలేనప్పుడు ఒంటికి రాసుకునేవాళ్లూ నీళ్లలో కలుపుకునేవాళ్లూ ఉన్నారు. మట్టి రోగాన్ని నయం చేస్తుందా లేదా అన్న చర్చ ఇక్కడ మనకు వద్దు; జబ్బుకు వైద్యుడే. మన పనికి కావలసింది వేరే ఉంది. అంత శ్రమపడి చేసిన రూపాన్ని ఊరు దాచిపెట్టుకోవడం లేదు, పంచుకుంటోంది. భయాన్ని నలుగురి ముందు నిలబెట్టి, అందరూ చూశాక, తలా ఒక ముక్క ఇంటికి తీసుకుపోతున్నారు. మనం చేసే పటం కూడా ఒక్కరి బీరువాలో మూతబడితే సగం పనే అయినట్టు.

ఇలాంటి పని ప్రపంచంలో ఇంకోచోట కూడా జరిగింది. చిలీ దేశంలో 1973 సైనిక కుట్ర తర్వాత వేలమంది నిర్బంధాల పాలయ్యారు, ఎంతోమంది ఆచూకీ తెలియకుండా పోయారు. రాజధాని శాంటియాగోలో వాళ్ల తల్లులూ భార్యలూ చర్చి అండతో ఒకచోట చేరి, గోనెపట్టాల మీద గుడ్డ ముక్కలు కుట్టి పటాలు చేశారు. తప్పిపోయినవాళ్ల చొక్కా ముక్కలు కూడా కొన్నింటిలో చేరాయి. జైళ్లు, క్యూలు, ఉమ్మడి వంటశాలలు, వెనక ఆండీస్ కొండలు, పైన సూర్యుడు. అవును, అక్కడ సూర్యుడు ఉన్నాడు. అయితే ఆ సూర్యుడి కింద జరిగింది జరిగినట్టే ఉంది. ఆ పటాలు దేశం దాటాయి, అమ్ముడుపోయి ఆ ఇళ్లకు కూడు పెట్టాయి, పత్రికలు రాయలేనిది బయటి లోకానికి చెప్పాయి.

పాత గుడ్డల విలువ మన ఇళ్లకూ కొత్తగాదు. అవ్వ చీర, నాయన పంచె, చిరిగిన లంగా కలిపి కుట్టిన బొంత మీద పడుకున్నవాళ్లు ఈ పుస్తకం చదువుతున్నవాళ్లలో చాలామందే ఉంటారు.

కావలసిన సామాన్లు

అట్ట: చదరపు అడుగుకు తగ్గకుండా ఒక గట్టి అట్ట. పాత పెళ్లిపత్రికల పెట్టె, టీవీ అట్టపెట్టె పనికొస్తాయి. ఒకవైపే కాగితం అతికిస్తే అట్ట వంగిపోతుంది, కాబట్టి వెనకవైపు కూడా ఒక న్యూస్‌పేపరు అంటించండి. కాగితానికి పాత క్యాలెండర్లూ పనికొస్తాయి, అయితే దేవుడి బొమ్మ ఉన్న క్యాలెండరు కత్తిరించడానికి చాలామందికి మనసొప్పదు. దాని జోలికి పోవద్దు. తేదీల కాగితాలు వాడుకోండి.

జిగురు: రెండు చెంచాల మైదా గ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పండి. చిటికెడు పటిక వేస్తే తొందరగా పాడవదు. కాగితానికీ పల్చని గుడ్డకూ ఇది చాలు. చెక్కముక్క, గవ్వ, మందుల అట్ట లాంటి బరువు వస్తువులకు ఫెవికాల్ వాడండి. బరువైనవి ఎప్పుడూ ఆఖర్లోనే అతికించాలి.

రంగులు: ఎర్రమట్టి, సున్నం, బొగ్గుపొడి, ముగ్గుపిండి. ఏదైనా కాస్త జిగురునీళ్లలో కలిపితే రంగే. పసుపు అందంగా ఉంటుంది గానీ వెలుతురుకు వెలిసిపోతుంది. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని పారాణి పెట్టుకున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏళ్లపాటు నిలవాలంటే మట్టిరంగులను మించినవి లేవు.

నల్లగీత: ఓపిక ఉంటే కసిం మీరే చేసుకోవచ్చు. గుప్పెడు తుప్పుమేకులు, నిమ్మకాయంత బెల్లం, అర లీటరు నీళ్లు మట్టికుండలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో వేసి, మూత వదులుగా పెట్టి, నీడలో రెండు మూడు వారాలు ఉంచండి. పులిసేటప్పుడు గాలి పుడుతుంది, కాబట్టి మూత బిగించొద్దు. వాసన వస్తుంది, కాబట్టి వంటింట్లో పెట్టొద్దు. పిల్లలకు అందనివ్వొద్దు. నాటుమందుల అంగట్లో దొరికే కరక్కాయ పొడి ఒక చెంచా గ్లాసు పాలలో కలిపి, అందులో ముంచి ఎండేసిన తెల్ల నూలుగుడ్డ ముక్క మీద ఈ నీళ్లతో గీసి చూడండి. అంత ఓపిక లేకపోతే ఇంకుపెన్ను చాలు.

ఇంకా సూది, దారం, దబ్బనం, కత్తెర, పాత బ్రష్షు. కొత్తగా డబ్బు పెట్టి కొనవలసింది దాదాపు ఏమీ లేదు. చేతిలో డబ్బు ఆడని రోజుల కోసమే ఈ పని.

ఏడు అంచెలు

1. ఏరుకోవడం. మూడు వస్తువులు కావాలి. కష్టం నుంచి మిగిలింది ఒకటి: ఓపీ చీటీ, మందుల అట్ట, మూతబడ్డ అంగడి రసీదు పుస్తకం, వాననీటికి మరకపడ్డ నోటుబుక్కు. సాయం చేసినవాళ్ల నుంచి ఒకటి: అన్నం పంపిన గిన్నె మీద కట్టిన గుడ్డ, బస్సు టిక్కెట్టు, డబ్బు పెట్టి ఇచ్చిన కవరు. ఇంకా సాగుతున్న పని నుంచి ఒకటి: విత్తనం, దారం ముక్క, పిల్లల లెక్కల కాగితం. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధుల్లో నీళ్లు నిలిచి, రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేసినప్పుడు, జనం వెంట తీసుకుపోయిన సంచుల్లో ఇలాంటి కాగితాలూ ఉండి ఉంటాయి. మీరు ఏరిన కాగితం ఇప్పటికీ అవసరమైనదైతే జిరాక్సు తీసి దాన్నే అతికించండి. అసలుది బీరువాలోనే ఉండాలి.

2. నేల. అట్ట మీద తెల్లకాగితమో పాత చీర ముక్కో పూర్తిగా పరిచి అతికించండి. జిగురు ఆరాక ఎర్రమట్టి నీళ్లు పల్చగా పూసి ఆరనివ్వండి. ఆ రోజుకు అంతే. పక్కరోజు దాకా ముట్టుకోవద్దు. తడి మీద తడి వేస్తే కాగితం ఉబ్బి బుడగలొస్తాయి.

3. జరిగింది. కష్టం నుంచి వచ్చిన వస్తువును పటం నడుమకు కాస్త ఎడంగా అతికించండి. దాని కింద మీ చేతిరాతతో ఒకటి రెండు వాక్యాలు రాయండి. "ఫలానా నెలలో ఇది జరిగింది" అన్నంత సూటిగా ఉండాలి. వ్యాఖ్యానం వద్దు, సామెతలు వద్దు.

4. సగం కప్పడం. ఇది అన్నిటికంటే కష్టమైన అంచె, అసలు పనీ ఇదే. పల్చని గుడ్డ, టిష్యూ కాగితం, చీర అంచు, ఏదైనా తీసుకుని ఆ వస్తువును సగం కప్పండి. సగం మాత్రమే. ఏ సగం కనబడాలో మీరే తేల్చుకోవాలి. మొత్తం కొట్టొచ్చినట్టు కనబడుతుంటే చూసిన ప్రతిసారీ గుండె కలుక్కుమంటుంది. మొత్తం కప్పేస్తే పటం అబద్ధమైపోతుంది. కప్పిన గుడ్డ చుట్టూ కుట్లు వేయండి, ఒక పక్క మాత్రం తర్వాతి అంచె కోసం వదిలేయండి. కుట్టు వంకరపోయినా ఊడదీయొద్దు.

5. కనబడని పొర. చిన్న కాగితం మీద మీకు సాయం చేసినవాళ్ల పేర్లు రాయండి. లేదా ఈ మధ్య మీరు చేసిన, ఎవరి కంటా పడని పనులు రాయండి. దాన్ని మడిచి, గుడ్డ కింద పెట్టి కుట్టేయండి. పైకి ఏమీ తెలియదు. శ్రీకాళహస్తి గుడ్డలో పటిక చేసే పని మన పటంలో ఈ కాగితం చేస్తుంది.

6. దారులు. నల్లగీతతో గానీ దారంతో గానీ, జరిగినదాని దగ్గర మొదలుపెట్టి పటం రెండో చివరకు రెండు గీతలు లాగండి. ఒక్క గీత చాలదు. ఒకటి మూసుకుపోతే ఇంకొకటి ఉండాలి. స్నైడర్ దారులు అన్నది బహువచనంలోనే. ఒక్కో గీత పక్కన ఆ దారి పేరు రాయండి: "ఇంకో వైద్యుడి సలహా", "అత్త వాళ్ల ఊళ్లో పని", "మళ్లీ పరీక్ష". సాయంగా వచ్చిన వస్తువును ఈ గీతల మీదే ఎక్కడో ఒకచోట అతికించండి.

7. ఖాళీ మూల. పటం కుడివైపు కింది మూలలో అరచేయంత చోటు వదిలేయండి. అక్కడ ఒక తేదీ, ఆ తేదీకి మీరు చేయబోయే ఒక చిన్న పని రాయండి. మూడో వస్తువు ఆ పక్కనే ఉండాలి. మూల ఖాళీగా ఉంటే చూడ్డానికి వెలితిగానే ఉంటుంది. ఉండనీయండి. శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. కొత్త గోపురం పూర్తయింది 2017లో. ఆ మధ్య ఏళ్లన్నీ భక్తులు ఆ వెలితి పక్కనుంచే గుడిలోకి పోయి దండం పెట్టుకుని వచ్చారు.

ఒక ఇంట్లో అయితే ఇలా

2025 వేసవి చివర్లో చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, తాను 4 రూపాయలు కలిపి 12 వచ్చేట్టు చూస్తామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. బంగారుపాళ్యం పక్కన తోట ఉన్న ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇంటర్ చదివే కూతురు పటం మొదలుపెట్టింది. నాయన జేబులో నలిగిపోయిన కాటా చీటీ ఆమెకు దొరికింది.

"ఆ చీటీ చూస్తే కడుపు మండతాది పాపా. తీసి పారెయ్."

"నువ్వు దాన్ని జేబులో పెట్టుకోనే తిరగతా ఉండావు గదా నాయనా. ఈడ అతికిస్తే నీ జేబన్నా తేలికవుతాది."

చీటీలో బరువు కనబడుతుంది, ధర ఉన్న చోటును అమ్మ పాత చీర అంచు కప్పుతుంది. ఏ సగం దాచాలో నాయనే చెప్పాడనుకోండి, అప్పుడే ఆయన పటంలోకి వచ్చినట్టు. గుడ్డ కింద కుట్టేసిన కాగితంలో, ఆ రాత్రుళ్లు ట్రాక్టరు దగ్గర తోడు పడుకున్న పక్కింటి అన్న పేరు. రెండు దారులు: ఒకటి, తోటలో కొంత భాగం వేరే రకానికి అంటు మార్చడం, రెండోది, ఇంట్లోనే మామిడి తాండ్ర పోసి అమ్మడం. మూడో వస్తువుగా ఎండిన మామిడి టెంక. ఖాళీ మూలలో "ఉద్యానశాఖ ఆఫీసుకు పోయి అంటు సంగతి అడగాలి" అన్న పని, తేదీతో.

ఈ పటం వల్ల మామిడి ధర పైసా పెరగదు. అయితే రాత్రి అన్నాల దగ్గర ఎవరూ ఎత్తని మాట ఒకటి ఇప్పుడు గోడ మీద ఉంది. దాని పక్కనే రెండు దారులున్నాయి. "ఈ సంవత్సరం పోయింది" అన్న మాట దగ్గర ఆగిపోకుండా "ఆఫీసుకు ఎప్పుడు పోదాం" దాకా ఇంటిమాట జరిగింది. మనకు కావలసింది అంతే.

ఎదురయ్యే అడ్డంకులు

"నాకు బొమ్మలు రావు." అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 39 మంది పెద్దవాళ్లకు మార్కర్లు, మట్టి, అతికించే కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు తోచింది చేయమన్నారు. ముందూ వెనకా లాలాజలం తీసి, ఒత్తిడి పెరిగినప్పుడు ఒంట్లో ఎక్కువయ్యే కార్టిసాల్‌ను కొలిచారు. దాదాపు 75 శాతం మందిలో అది తగ్గింది. ఇంతకుముందు బొమ్మలు వేసిన అలవాటు ఉన్నా లేకపోయినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చిన్న అధ్యయనమే, దీన్నిబట్టి పెద్ద మాటలు చెప్పలేం. బొమ్మలు రాకపోవడం అడ్డు కాదన్నంతవరకు చాలు.

"చేస్తుంటే ఏడుపొస్తోంది." రానీయండి. మూడో అంచెలోనో నాలుగో అంచెలోనో అది మామూలే. ఆ రోజుకు పని ఆపి, అట్టను బరువు కింద పెట్టేయండి. ఎలాగూ ఆరడానికి టైము కావాలి.

"ఇంట్లోవాళ్లు నవ్వుతారు." మొదట వాళ్లకేమీ వివరించొద్దు. ఒక చిన్న పని అప్పగించండి: సూదిలో దారం ఎక్కించమనండి, జిగురు తిప్పమనండి. పనిలో చెయ్యి పెట్టిన మనిషి ఆ తర్వాత నవ్వడు.

"ఇంకా గాయం పచ్చిగానే ఉంది." అయితే ఇప్పుడు వస్తువులు మాత్రం ఏరి ఒక కవరులో వేసి పెట్టండి. పటానికి తొందర లేదు. వస్తువులు మాత్రం ఒకసారి చెత్తబండిలోకి పోతే మళ్లీ దొరకవు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పటం మందు కాదు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, అన్నం సహించకపోతే, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, జిగురు పక్కనపెట్టి ఫోన్ తీయండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. దగ్గర్లోని పెద్దాస్పత్రి మానసిక వైద్య విభాగానికి పోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఈ వారం పని

సోమవారం: మూడు వస్తువులు ఏరి ఒక కవరులో వేయండి. ఒక్కోటి ఎందుకు ఎంచుకున్నారో కవరు మీద ఒక వాక్యం రాయండి.

మంగళవారం: అట్టకు రెండువైపులా కాగితం అంటించి, మట్టిరంగు పూసి, ఆరాక బరువు కింద పెట్టండి.

బుధవారం: జరిగింది అతికించండి, రాయండి. అక్కడితో ఆపండి.

గురువారం: సగం కప్పండి, కనబడని కాగితం లోపల పెట్టి కుట్టండి. ఆ కాగితంలో ఏముందో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

శుక్రవారం: రెండు దారులు, వాటి పేర్లు. రెండో దారి తోచకపోతే ఇంట్లోవాళ్లనో స్నేహితుణ్ణో అడగండి. అడగడం కూడా ఈ అభ్యాసంలో భాగమే.

శనివారం: ఖాళీ మూలలో తేదీ, చిన్న పని. "జీవితం చక్కబరుచుకోవాలి" లాంటివి రాయొద్దు. ఒక్క పూటలో ముగిసే పని రాయండి.

ఆదివారం: ఒక్కరికి చూపించండి. కనబడని కాగితంలో పేరున్న మనిషికి చూపిస్తే ఇంకా మంచిది. వీలైతే మీ పటంలో వాడిన చీర అంచులో మిగిలిన ముక్క వాళ్లకివ్వండి, వాళ్ల పటానికి పనికొస్తుంది.

ఆ మూలలో రాసిన తేదీ వచ్చాక పని జరిగి ఉంటే, దాని గుర్తు ఏదైనా, రసీదో టిక్కెట్టో, అక్కడ అతికించండి. జరగకపోతే కొత్త తేదీ రాయండి. పాత తేదీని కొట్టేయొద్దు, దాని పక్కనే రాయండి. మూల నిండిపోతే వెనకవైపు ఇంకో అట్ట కలిపి పటాన్ని పెంచండి.